బంతి ఒక్కటే, కుర్రాళ్లు అయిదుగురు



డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో, అలెన్ అని ఊళ్లున్నాయి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వద్దామని మన ఊళ్ల నుంచి విమానమెక్కే తల్లిదండ్రుల్లో చాలామంది దిగేది ఆ చుట్టుపక్కలే. ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా అక్కడ శుక్రవారం సాయంత్రమైతే చాలు, కార్లన్నీ ఒకే దిక్కుకి పోతుంటాయి. హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్. అలెన్‌లో ఒకే ఒక్క హైస్కూలు కోసం 2012లో కట్టిన స్టేడియంలో 18,000 మంది కూర్చోవచ్చు. దానికైన ఖర్చు సుమారు 6 కోట్ల డాలర్లు. మనవాళ్ల పిల్లలు ఎక్కువగా బ్యాండులో డ్రమ్ములూ బాకాలూ పట్టుకుని కనిపిస్తారు. మనవణ్ణి చూడ్డానికి వచ్చిన తాతగారు మాత్రం మైదానం వైపు చూసి, "అందరూ ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు తప్ప బంతి ఎక్కడుందో తెలీదు" అని విసుక్కుంటారు. ఆయన విసుగు న్యాయమే. అయితే ఆ తోపులాటలో ఒక్క కుర్రాడి మీద కన్ను వేసి ఉంచితే ఆట చాలావరకు అర్థమైపోతుంది. వాడు క్వార్టర్‌బ్యాక్. అలాంటి కుర్రాణ్ణి కాలేజీలు ఎలా వెతికి పట్టుకుంటాయి, పట్టుకున్నాక ఎలా తీర్చిదిద్దుతాయి, చాలాసార్లు తీర్చిదిద్దకుండానే ఎలా వదిలేస్తాయి అన్నదే ఈ పూట నా ప్రసంగం.

ముందు ఆట గురించి రెండు మాటలు. జట్టుకి పదకొండు మంది. బంతి ఎవరి దగ్గరుందో ఆ జట్టుకి నాలుగు ప్రయత్నాలు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకి పోతే మళ్లీ నాలుగు దొరుకుతాయి, లేకపోతే బంతి అవతలివాళ్లది. ఒక్కో ప్రయత్నాన్ని ప్లే అంటారు. దాదాపు ప్రతి ప్లే క్వార్టర్‌బ్యాక్ చేతిలోనే మొదలవుతుంది. బంతి పట్టుకుని విసరాలా, వెనకున్నవాడికి అందించాలా, తానే పరుగెత్తాలా అన్నది అతను తేల్చుకోవాలి.

ఒక ప్లే ముగిశాక తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి 40 సెకన్ల గడువు. ఆ 40 సెకన్లను కాస్త దగ్గర నుంచి చూద్దాం. ముందు కోచ్ నుంచి ఆజ్ఞ వస్తుంది, ఏ ప్లే ఆడాలో. దాన్ని జట్టుకి చెప్పి అందర్నీ బంతి ఉన్న గీత దగ్గర నిలబెడతాడు. అప్పుడు తలెత్తి అవతలి పక్షాన్ని చదువుతాడు. దూరంగా వెనక కాపలా ఉన్నవాళ్లు ఒక్కరా, ఇద్దరా? ముందుకి దూకడానికి ఎంతమంది కాళ్లు బిగించి ఉన్నారు? అనుమానంగా ఉంటే తన రెసీవర్లలో, అంటే బంతి అందుకునేవాళ్లలో, ఒకణ్ణి ఈ చివర నుంచి ఆ చివరకి నడిపిస్తాడు. అవతలివాడొకడు వెంట నడిచాడా, మనిషికి మనిషి కాపలా అన్నమాట. ఎవరూ కదల్లేదా, చోటుకి కాపలా. వచ్చిన ఆజ్ఞ ఆ కాపలా ముందు పనికిరాదనిపిస్తే గట్టిగా కేకవేసి అక్కడికక్కడే మార్చేస్తాడు. ఇక బంతి చేతికొస్తుంది. మూడడుగులో అయిదడుగులో వెనక్కి. మొదటి మనిషిని చూస్తాడు, కాపలా ఉంది. రెండోవాణ్ణి చూస్తాడు, అక్కడా ఉంది. మూడోవాడు ఇంకా తిరగలేదు, కానీ తిరిగితే అక్కడ ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోకి, మనిషి ఇంకా రాని చోటికి, బంతి విసిరేస్తాడు. బంతి చేతికొచ్చినప్పటి నుంచి ఇదంతా జరిగేది రెండున్నర, మూడు సెకన్లలో. ఈలోగా నూట ముప్పై కిలోల మనుషులు అతని మీదికి వస్తూనే ఉంటారు.

ఈ మూడు సెకన్ల పనితనం ఒక పదహారేళ్ల కుర్రాడిలో ఉందో లేదో ముందుగా ఎలా తెలుస్తుంది? తెలియదు. ఈ రంగంలోని హడావిడి, డబ్బు, మోసం, అదృష్టం, అన్నిటికీ మూలం ఇదే.

అమెరికాలో ఏటా సుమారు పది లక్షల మంది కుర్రాళ్లు హైస్కూల్లో ఈ ఆట ఆడతారు. పై స్థాయి కాలేజీ జట్లు నూట ముప్పై పైచిలుకు. ఆ పైన ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే వృత్తి ఆటగాళ్ల లీగ్. దాంట్లో ఉన్నవి 32 జట్లు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లకు మన ఐపీఎల్ ఫ్రాంచైజీల మాదిరి సొంత అకాడమీలు లేవు. అవి ఏటా వంతులవారీగా కాలేజీల్లో ఆడినవాళ్లనే ఎంచుకుంటాయి. కాబట్టి కాలేజీ కోచ్ ఎవరి ఇంటి తలుపు తట్టాడన్నది ఒక కుర్రాడి జీవితాన్ని నిర్ణయించే విషయం.

తలుపు తట్టడమంటే మాటవరసకి అనడం లేదు. నిజంగానే తడతారు. అచ్చం మన పెళ్లిచూపుల తంతే. హైస్కూల్ మూడో ఏడు సెప్టెంబరు 1 నుంచి కోచ్‌లు కుర్రాడికి నేరుగా సందేశాలు పంపవచ్చు. ఆ తర్వాత ఇంటికి రావడం, హాల్లో సోఫాలో కూర్చోవడం, తల్లి పెట్టింది తిని బాగుందనడం, "మీవాడు మా దగ్గరికొస్తే మా బిడ్డలాగే" అని మాటివ్వడం. కుర్రాణ్ణి కాలేజీకి రప్పించి స్టేడియం చూపించడం, జెర్సీ తొడిగించి ఫొటోలు తీయించడం. ఇటువైపు వాళ్లూ తక్కువ తినలేదు. ఎత్తెంత, బరువెంత, బంతి ఎంత దూరం విసురుతాడు అన్న వివరాలతో, బాగా ఆడినవి మాత్రమే ఏరి కూర్చిన వీడియోతో సిద్ధంగా ఉంటారు. గంటకింతని తీసుకుని బంతి విసరడం నేర్పే ప్రైవేటు గురువులున్నారు. వయసు పెరిగి ఒళ్లు బలుస్తుందని పిల్లవాణ్ణి కావాలనే ఒక ఏడు వెనక తరగతిలో ఉంచే తల్లిదండ్రులున్నారు. పేరున్న క్వార్టర్‌బ్యాక్ కుర్రాళ్లకు 1999 నుంచి ఎలీట్ ఇలెవెన్ అనే శిబిరం నడుస్తోంది. కుర్రాళ్లకు ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలు వేసే సంస్థలు వేరే ఉన్నాయి. అయిదు నక్షత్రాల వాడు దొరికితే ఆ ఊళ్లో పండగే.

ఆ నక్షత్రాలు ఉత్త బూటకమని నేననను. ఎక్కువ నక్షత్రాలున్న కుర్రాళ్లను ఎక్కువమందిని పోగేసిన జట్లే ఎక్కువగా గెలుస్తాయి, అది కాదనలేం. గట్టి శరీరం, వేగం వీడియోలో కనిపిస్తాయి. కానీ క్వార్టర్‌బ్యాక్ దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క తడబడుతుంది. చెయ్యి కనబడుతుంది, చూపు కనబడదు. హైస్కూల్లో అతనికి ఎదురు నిలిచేవాళ్లలో చాలామంది ఆ తర్వాత ఎప్పుడూ ఆడరు. అక్కడ ఖాళీలు వెతుక్కోనక్కర్లేదు, వాటంతటవే దొరుకుతాయి.

టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లో వెస్ట్‌లేక్ హైస్కూలు ఉంది. 1996లో ఆ జట్టు ఒక్క ఓటమి లేకుండా రాష్ట్ర చాంపియన్ అయ్యింది. క్వార్టర్‌బ్యాక్ పేరు డ్రూ బ్రీస్. అదే ఊళ్లో ఉన్న టెక్సాస్ విశ్వవిద్యాలయం అతన్ని పట్టించుకోలేదు. కారణం, ఎత్తు ఆరడుగులే. పెద్ద కాలేజీల్లో రమ్మన్నవి రెండే రెండు, పర్డ్యూ, కెంటకీ. బ్రీస్ పర్డ్యూకి పోయాడు, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు.

కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే వ్యవసాయపు ఊరుంది. జాష్ ఆలెన్ అక్కడి రైతు బిడ్డ. హైస్కూల్ అయ్యేసరికి ఒక్క కాలేజీ కూడా పిలవలేదు. చిన్నప్పటి నుంచి అభిమానించిన ఫ్రెస్నో స్టేట్, పక్క ఊరి కాలేజీ, అది కూడా వద్దంది. రీడ్లీ అనే రెండేళ్ల కాలేజీలో చేరి అక్కడ ఆడాడు. ఆడుతూనే దేశంలో ఉన్న పెద్ద కాలేజీల కోచ్‌లకు, ప్రధాన కోచ్ నుంచి సహాయకుల దాకా, తన వీడియో జతచేసి వందలకొద్దీ ఈమెయిళ్లు పంపాడు. చివరికి చోటిచ్చింది వయోమింగ్ విశ్వవిద్యాలయం. ఏడు వేల అడుగుల ఎత్తులో, చలిగాలి కొట్టే లారమీ అనే చిన్న ఊరు. అక్కడ మొదటి ఏడు మొదట్లోనే కాలర్‌బోన్ విరిగింది. అయినా వాళ్లు వదల్లేదు. 2018లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంపికలో ఏడో స్థానంలో బఫలో తీసుకుంది, 2024 సీజన్‌కి లీగ్ మొత్తంలో అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

ఇంకొకడు క్యామ్ వార్డ్. ఇతనిది టెక్సాస్. హైస్కూల్ జట్టు పాతకాలపు పద్ధతిలో, బంతి విసరడం కన్నా పట్టుకుని పరుగెత్తడం మీదే ఆధారపడి ఆడేది. క్వార్టర్‌బ్యాక్ చెయ్యి చూపించుకునే అవకాశమే లేదు. నక్షత్రాలు సున్నా. సాన్ ఆంటోనియోలో ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీ, రెండో మెట్టు జట్టు, స్కాలర్‌షిప్ ఇచ్చింది. అక్కడి నుంచి వాషింగ్టన్ స్టేట్, అక్కడి నుంచి మయామి, 2025లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంపికలో దేశం మొత్తం మీద ఒకటో స్థానం. ఆ ఏడాది వందలమంది నిపుణులు అతన్ని తూచి చూశారు. అయిదేళ్ల కిందట ఒక్క కోచ్ కంటికి ఆనాడు. నన్నడిగితే మెచ్చుకోవలసింది ఆ ఒక్కణ్ణే.

కనబడకపోవడం ఒక సంగతి, చూడదలుచుకోకపోవడం మరొకటి. చాలాకాలం నల్లజాతి కుర్రాడు హైస్కూల్లో ఎంత గొప్ప క్వార్టర్‌బ్యాక్ అయినా కాలేజీకి వచ్చేసరికి "నీకు కాళ్లలో వేగముంది, రెసీవర్‌గా ఆడు" అనేవారు. జట్టుకి మెదడులాంటి స్థానం వాళ్లకివ్వడానికి మనసొప్పేది కాదు, దానికి పైకి చెప్పే కారణాలు మాత్రం వేరే ఉండేవి. లాస్ ఏంజెలెస్ కుర్రాడు వారెన్ మూన్ ఆ మాట వినలేదు. రెండేళ్ల కాలేజీలో ఆడి, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చోటు సంపాదించి, సొంత ప్రేక్షకులే గేలి చేస్తుంటే ఓర్చుకుని, 1978 జనవరిలో రోజ్ బౌల్ మ్యాచ్‌లో మిషిగన్‌ను ఓడించి అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. అప్పటికీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్ స్థానం దొరికే సూచన లేక కెనడా పోయాడు. అక్కడ ఎడ్మంటన్ జట్టుకి వరసగా అయిదు చాంపియన్‌షిప్‌లు. ఆ తర్వాతే, 1984లో, హ్యూస్టన్ పిలిచింది. 2006లో వృత్తి ఫుట్‌బాల్ కీర్తిమందిరంలోకి అడుగుపెట్టిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అతనే.

ఇది పాతకథ అనుకోకండి. ఫ్లోరిడా కుర్రాడు లమార్ జాక్సన్ విషయంలో లూయివిల్ కోచ్ వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ తల్లి అడిగింది ఒకటే: మావాణ్ణి క్వార్టర్‌బ్యాక్‌గానే ఆడిస్తావా, లేదా? ఆడిస్తానని కోచ్ మాటిచ్చాడు, మాట నిలబెట్టుకున్నాడు. 2016లో జాక్సన్‌కి హైస్మన్ ట్రోఫీ వచ్చింది. ఏటా కాలేజీ ఆటగాళ్లలో ఒక్కరికే ఇచ్చే అతిపెద్ద బహుమతి అది. అంత చేశాక కూడా 2018లో ఎన్‌ఎఫ్‌ఎల్ పరీక్షల్లో రెసీవర్‌గా పరుగెత్తి చూపించమన్నారు. అతను ఒప్పుకోలేదు. లీగ్ అత్యుత్తమ ఆటగాడి బహుమతి ఇప్పటికి రెండుసార్లు, 2019లో, 2023లో, తీసుకున్నాడు.

సరే, ఎంపిక అయిపోయింది, కుర్రాడు కాలేజీలో చేరాడు. ఇక నేర్పడం. నా దృష్టిలో అసలు కథ ఇక్కడుంది, కానీ పత్రికలు దీని గురించి రాసేది తక్కువ. ఎందుకంటే ఇందులో ఫొటో తీయడానికి ఏమీ ఉండదు.

జట్టులో క్వార్టర్‌బ్యాక్‌లు నలుగురో అయిదుగురో ఉంటారు. బంతి ఒక్కటే. రెసీవర్లయితే మ్యాచ్‌లో ఆరేడుగురు మారి మారి వస్తారు, ముందు వరసలో తోపులాడే లైన్‌మన్‌కి అలసటొస్తే ఇంకొకడు దిగుతాడు. క్వార్టర్‌బ్యాక్ అలా కాదు. మొదటివాడు గాయపడితేనో, ఘోరంగా ఆడితేనో తప్ప రెండోవాడికి పని లేదు. మ్యాచ్‌లోనే కాదు, సాధనలోనూ అంతే. కాలేజీ నిబంధనల ప్రకారం సీజన్‌లో కుర్రాడు ఆటకి ఇవ్వగలిగింది వారానికి 20 గంటలు. వసంతకాలంలో సాధన 15 రోజులే. ఆ కొద్ది సమయంలో మొదటివాడికి శనివారం మ్యాచ్‌కి కావలసిన ప్లేలన్నీ ఆడించాలి. మిగిలినవి, అంటే ఎంగిలి మెతుకులు, రెండోవాడికి. మూడోవాడు చెవి మీద పెన్సిల్ పెట్టుకుని చూస్తూ నిలబడాల్సిందే.

టామ్ బ్రేడీ అలా నిలబడ్డవాడే. కాలిఫోర్నియా నుంచి మిషిగన్‌కి వచ్చాడు. అతన్ని మెచ్చి ఎంచుకున్న సహాయ కోచ్, కుర్రాడు కాలేజీలో అడుగుపెట్టేలోపే వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. వరసలో ముందు చాలామంది. వెళ్లిపోదామా అని కూడా ఆలోచించాడు. కాలేజీలో గ్రెగ్ హార్డెన్ అని, ఆటగాళ్లతో కూర్చుని మాట్లాడే సలహాదారు ఒకాయన ఉండేవాడు. సాధనలో నాకు రెండు మూడు ప్లేలే ఇస్తున్నారని బ్రేడీ ఆయన దగ్గర గోడు వెళ్లబోసుకున్నాడు. అయితే ఆ రెండింటినీ లోపం లేకుండా ఆడు అన్నది ఆయన సలహా. బ్రేడీ ఆ తర్వాత జీవితమంతా ఈ సంగతి చెబుతూ వచ్చాడు. రెండు బాగా ఆడితే నాలుగిచ్చారు, నాలుగు బాగా ఆడితే పది. అయినా చివరి ఏడు, 1999లో కూడా, ఒక రెండో ఏటి కుర్రాడితో మ్యాచ్‌లను పంచుకోవాల్సి వచ్చింది. 2000లో ఎన్‌ఎఫ్‌ఎల్ అతన్ని ఎంచుకున్న స్థానం 199. తర్వాత గెలిచిన సూపర్ బౌల్‌లు ఏడు. ఈ కథ చెప్పి "చూశారా, ఓపిక" అనడం అందరికీ అలవాటు. నాకు మాత్రం ఇందులో ఓపిక కన్నా హార్డెన్ కనబడతాడు. అలాంటి మనిషి లేని కాలేజీల్లో ఎంతమంది బ్రేడీలు బెంచి మీదే చదువు ముగించుకుని ఇళ్లకు పోయి ఉంటారు?

నేర్పే తీరులో ఇంకో చిక్కుంది. గత ఇరవై ముప్పై ఏళ్లలో కాలేజీ ఆట చాలా వేగం పుంజుకుంది. మైక్ లీచ్‌లాంటి కోచ్‌లు మైదానమంతా మనుషుల్ని పరిచి, తక్కువ ప్లేలను పదేపదే ఆడిస్తూ బంతి విసరడాన్ని మామూలు వ్యవహారం చేసేశారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ చాలా జట్లలో అవతలి కాపలాను చదివే పని మైదానం అంచున నిలబడే కోచ్ తీసుకున్నాడు. అందరూ వరసలో నిలబడి కోచ్ వైపు తలతిప్పుతారు, సహాయకులు బొమ్మలున్న పెద్ద అట్టలు ఎత్తి చూపిస్తారు, కుర్రాడు చెప్పింది చేస్తాడు. మ్యాచ్ గెలుస్తారు, కుర్రాడు మాత్రం చదవడం నేర్చుకోడు. 2024 నుంచి కాలేజీల్లోనూ హెల్మెట్‌లో చిన్న రేడియో పెట్టారు. గడియారంలో 15 సెకన్లు మిగిలాక అది మూగబోతుంది. ఆ 15 సెకన్లయినా కుర్రాడి సొంతం కావడం మంచి మార్పని నేననుకుంటాను.

నేర్పితే ఏమవుతుందో చూడాలంటే జో బరోను చూడాలి. ఒహాయోలో ఏథెన్స్ అనే ఊరి కుర్రాడు. తండ్రి అక్కడి విశ్వవిద్యాలయంలో కోచ్. ఒహాయో స్టేట్‌లో చేరి మూడేళ్లు బెంచి మీద కూర్చున్నాడు. 2017లో సీజన్ ముందు చెయ్యి విరిగింది, ఈలోగా ఇంకో కుర్రాడు దాటిపోయాడు. డిగ్రీ పూర్తిచేసి 2018లో లూయిజియానా స్టేట్‌కి మారాడు. ఆ ఏడు ఫరవాలేదనిపించాడు, 16 టచ్‌డౌన్ పాస్‌లు, అంటే అవతలి చివరి గీత దాటించిన విసుర్లు. 2019కి ముందు ఆ కాలేజీవాళ్లు పక్కనే ఉన్న న్యూ ఆర్లియన్స్ వృత్తి జట్టు నుంచి జో బ్రేడీ అనే యువ సహాయకుణ్ణి తెచ్చారు. అతను ఎన్‌ఎఫ్‌ఎల్ ఆలోచనా పద్ధతి తెచ్చాడు. గీత దగ్గర నిర్ణయం కుర్రాడికే వదిలేశారు. ఆ సీజన్‌లో టచ్‌డౌన్ పాస్‌లు 60. పదిహేను మ్యాచ్‌లు, పదిహేను విజయాలు, హైస్మన్, జాతీయ చాంపియన్‌షిప్, ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంపికలో ఒకటో స్థానం. చెయ్యి అదే, కుర్రాడూ అదే, జట్టులో చాలామంది రెసీవర్లూ వాళ్లే.   

ఇక జేలెన్ హర్ట్స్. 2018 జనవరి 8, అట్లాంటా. జాతీయ ఫైనల్. అలబామా క్వార్టర్‌బ్యాక్‌గా హర్ట్స్‌కిది రెండో ఏడు, అప్పటికి అతను మొదటి ప్లే నుంచి దిగిన మ్యాచ్‌ల్లో ఓడినవి రెండే. సగం ఆట అయ్యేసరికి జార్జియా 13, అలబామా సున్నా. విరామంలో కోచ్ నిక్ సేబన్ అతన్ని కూర్చోబెట్టి, హవాయి నుంచి వచ్చిన మొదటి ఏటి ఎడమచేతివాటం కుర్రాడు టువా టాగోవైలోవాను దింపాడు. స్కోరు సమమై అదనపు సమయానికి పోయింది. అందులో జార్జియా మూడు పాయింట్లు తెచ్చుకుంది. అలబామా మొదటి ప్లేలోనే టువా పడిపోయి 16 గజాలు పోగొట్టాడు. మరుసటి ప్లేకి 41 గజాల బంతి, టచ్‌డౌన్, 26-23. దేశమంతా టువా పేరే. కెమెరాలు మధ్యమధ్య హర్ట్స్ వైపు తిరిగాయి, అతను చప్పట్లు కొడుతున్నాడు. ఆ వేసవిలో అందరూ వెళ్లిపోతాడనుకున్నారు, వెళ్లలేదు. డిసెంబరులో అదే స్టేడియం, అదే జార్జియా. ఈసారి టువా గాయపడ్డాడు, అలబామా 28-21తో వెనకబడి ఉంది. బెంచి మీద నుంచి లేచొచ్చిన హర్ట్స్ 35-28తో గెలిపించాడు. డిగ్రీ తీసుకుని ఒక్లహోమాకి మారాడు. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాకి సూపర్ బౌల్ గెలిపించి అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

హర్ట్స్ ఉండిపోయాడని మెచ్చుకుంటాం. కానీ అప్పట్లో ఉండిపోవడంలో ఇష్టమెంతో, నిర్బంధమెంతో కూడా లెక్క వేయాలి. 2021 దాకా డిగ్రీ కాకుండా కాలేజీ మారితే మామూలుగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. కోచ్‌కి మాత్రం ఆ నియమం లేదు. ఇవాళ తల్లికి మాటిచ్చి రేపు ఎక్కువ జీతానికి ఇంకో కాలేజీకి పోవచ్చు. కుర్రాళ్లకు ఒక్క సందేశం పంపి వెళ్లిపోయిన కోచ్‌లున్నారు. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, అంటే మారదలచినవాడు పేరు నమోదు చేసుకునే జాబితా. 2021లో కూర్చునే నియమం సడలింది. అదే ఏడాది జులై 1 నుంచి కుర్రాళ్లు తమ పేరు మీద, ముఖం మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా ఇస్తున్నాయి, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా.

ఫలితం కళ్లముందే ఉంది. 2017 నుంచి 2025 దాకా హైస్మన్ గెలిచిన క్వార్టర్‌బ్యాక్‌లు ఏడుగురు. వాళ్లలో చేరిన కాలేజీలోనే ఉండి గెలిచింది బ్రైస్ యంగ్ ఒక్కడే. మిగతా ఆరుగురూ మారినవాళ్లే. 2025 విజేత ఫెర్నాండో మెండోజా మొదట యేల్‌లో చేరదామనుకున్నాడు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఆడాడు, అక్కడి నుంచి ఇండియానాకి మారాడు. ఓటములకి పేరుపడ్డ ఆ ఇండియానాకి ఒక్క ఓటమి లేకుండా జాతీయ చాంపియన్‌షిప్ తెచ్చాడు.

దీనికి రెండో ముఖమూ ఉంది. జేడెన్ రషాడా అనే హైస్కూల్ కుర్రాడికి ఫ్లోరిడాలో కోటీ 38 లక్షల డాలర్లు పైగా ఇస్తామన్న ఒప్పందం చూపించారు. ఒప్పుకున్న డబ్బు రాలేదు, అతనక్కడ చేరనూ లేదు. 2024లో కోర్టుకి వెళ్లాడు. బ్రైస్ అండర్‌వుడ్ అనే మిషిగన్ కుర్రాడు లూయిజియానా స్టేట్‌కి మాటిచ్చి 2024 నవంబరులో సొంత రాష్ట్రం వైపు తిరిగాడు. కోటి డాలర్లకి పైమాటే అని పత్రికలు రాశాయి. పద్దెనిమిదేళ్లకే మొదటి మ్యాచ్ నుంచీ అతనే క్వార్టర్‌బ్యాక్. అంత డబ్బిచ్చినవాణ్ణి బెంచి మీద కూర్చోబెట్టి నేర్పే ధైర్యం ఎవరికుంటుంది? 2025 సీజన్ ముగిసీ ముగియకముందే, డిసెంబరులో, ప్రధాన కోచ్‌ను కాలేజీ తీసేసింది. ఇక ఆ కుర్రాడికి నేర్పేది ఎవరు, ఏ పద్ధతిలో?

మధ్యలో ఆర్చ్ మానింగ్ అనే అపురూపం. తాత, ఇద్దరు పినతండ్రులు ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాక్‌లు. అయిదు నక్షత్రాలతో టెక్సాస్‌లో చేరి రెండేళ్లు మరొకరి వెనక నిలబడి, 2025లో ముందుకొచ్చాడు. పాతకాలపు ఓపిక అని అంతా మురిశారు. నేనూ మెచ్చుకుంటాను. కానీ ఆ ఇంటి కుర్రాడికి ఆగడానికి స్తోమత ఉంది. అద్దె ఇంట్లో తల్లి ఎదురుచూస్తున్నవాణ్ణి అదే ఓపిక పట్టమనడం మనకి తగదు.

కాబట్టి నా అభిప్రాయం చెప్పేస్తాను. కుర్రాళ్లకు డబ్బివ్వడం తప్పు కాదు, లక్ష మంది టిక్కెట్లు కొనే ఆటలో ఇన్నాళ్లూ ఇవ్వకపోవడమే తప్పు. మారే స్వేచ్ఛా న్యాయమే. రావలసింది కొన్నేళ్ల లిఖిత ఒప్పందం. కుర్రాడూ, కోచ్‌ కూడా దానికి కట్టుబడాలి. ఫలానా కోచ్ దగ్గర ఫలానా పద్ధతి నేర్చుకోవడానికి వస్తున్నానన్న మాటకి కాగితం మీద విలువ ఉండాలి. అది లేనన్నాళ్లు కాలేజీలు వేరేవాళ్లు తీర్చిదిద్దిన క్వార్టర్‌బ్యాక్‌ను కొనుక్కుంటూనే ఉంటాయి. తీర్చిదిద్దే పని చిన్న కాలేజీల మీద పడుతుంది, లాభం పెద్ద కాలేజీలకు పోతుంది.

ఈలోగా చిన్న మార్పొకటి వచ్చింది. ఇదివరకు పోర్టల్ చలికాలంలో ఒకసారి, వసంతకాలపు సాధన అయ్యాక ఇంకోసారి తెరిచేవారు. 2026 నుంచి ఒక్కసారే, జనవరి 2 నుంచి 16 దాకా. వసంతకాలపు కిటికీ మూసేశారు. అంటే ఏప్రిల్ సాధనలో రెండో స్థానానికి జారిన కుర్రాడు వచ్చే జనవరి దాకా మామూలుగా అక్కడే ఉండాలి. అతనికి రోజూ ఎన్ని ప్లేలు ఇవ్వాలన్నది మాత్రం ఏ నిబంధనలోనూ రాయలేదు, అది ఇప్పటికీ కోచ్ ఇష్టమే.